యాభై ఒక్క రేజర్లు
(కింగ్ జిలెట్ జీవిత కథ)

గడ్డం పెంచుకొన్న పెద్దలు ఇంతమంది ఉన్న మన సొసైటీ సావనీరులో, గడ్డం గీసే బ్లేడు కనిపెట్టినవాని చరిత్ర ఏమిటని మిత్రులు కొందరు మమ్మల్ని నవ్వుతూ అడిగారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పి తరువాత కథలోకి వెళ్తాము.

మా పేటలో ఒక కుర్రవాడున్నాడు. డిగ్రీ అయింది, ఉద్యోగం రాలేదు. ఈ రోజుల్లో చాలామంది పిల్లలు చేస్తున్నట్టే తనూ ఒక వెబ్‌సైటు పెట్టాడు. అందులో ఏవో కంపెనీల మిక్సీలు, కుట్టుమిషన్లు, పుస్తకాలు చూపించి వాటి మంచిచెడ్డలు రాస్తాడు. అతని మాట నమ్మి ఎవరైనా అక్కడినుంచి వెళ్ళి కొంటే ఇతనికి కమీషను వస్తుంది. సరుకు తనది కాదు, కొట్టూ తనది కాదు. మన పాత రోజుల కమీషను ఏజెంటు పనే, కాకపోతే గుమ్మం గుమ్మం తిరగనక్కర లేదు. ఇషా నమాజు తరువాత కూర్చుంటే అర్ధరాత్రి దాకా రాస్తూనే ఉండేవాడట. నాలుగు నెలలు అలా గడిచాక ఒకరోజు సొసైటీ ఆఫీసుకు వచ్చి ఒక నోటుబుక్కు మా ముందు పెట్టాడు. అందులో అమ్మకాలు మూడు. నాలుగు నెలలకు మూడు! అబ్బా దుకాణంలో కూర్చోమంటున్నారు చాచా, మీరేమంటారు అని అడిగాడు. మాకేమీ తోచలేదు. మాలో ఎవరమూ అలాంటి వ్యాపారం చేసినవాళ్ళం కాదు. ఊరికే ధైర్యం చెప్పి పంపడం ఇష్టం లేక, మొదటి ఏడాది అమ్మకాలు లేక ఏడ్చి తరువాత నిలబడినవాళ్ళ కథలు వెతికాము. వెతికిన వాటిలో లెక్కలు స్పష్టంగా దొరికింది ఈ జిలెట్ కథ. అందుకని ఇది.

పూర్తి పేరు కింగ్ క్యాంప్ జిలెట్. కింగ్ అంటే బిరుదు కాదు, పెట్టిన పేరే. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఫాండ్ డు లాక్ అనే ఊళ్ళో 1855 జనవరి 5న పుట్టాడు. నాలుగేళ్ళ పిల్లవాడుగా ఉండగా కుటుంబం షికాగోకు చేరింది. తండ్రిది ఇనుప సామాను వ్యాపారం. తల్లి ఫానీ జిలెట్ వంటల మీద రాసిన పుస్తకం 1887లో అచ్చయి అక్కడి ఇళ్ళల్లో చాలా కాలం వాడుకలో ఉంది. తండ్రికీ అన్నదమ్ములకూ ఏదో ఒకటి కనిపెట్టాలనే పిచ్చి ఉండేది, ఇతనికీ అదే అంటింది.

1871 అక్టోబరులో షికాగో నగరం తగలబడింది. చరిత్రలో పేరు పొందిన అగ్నిప్రమాదం అది. తండ్రి వ్యాపారం బూడిద అయిపోయింది. అప్పుడు జిలెట్ వయసు పదహారు. చదువు అక్కడితో ఆగింది, కుర్రవాడు పనిలో పడ్డాడు. ఇరవై ఒక్క ఏళ్ళు వచ్చేసరికి రైళ్ళలో ఊరూరూ తిరిగి సరుకు అమ్మే సేల్స్‌మన్ అయ్యాడు. ఆ తిరుగుడు పాతికేళ్ళకు పైగా సాగింది. మధ్యలో చిన్న చిన్న పనిముట్లు కొన్ని కనిపెట్టి పేటెంట్లు కూడా తీసుకొన్నాడు. అవి ఇతరులకు డబ్బు తెచ్చాయి గాని తనకు తేలేదు. వాటిని పట్టుకొని కూర్చొనేందుకు తీరిక లేదు మరి, పొద్దున లేస్తే ఊరు మారాలి.

1890లో అట్లాంటా గెయిన్స్ అనే యువతిని పెళ్ళాడాడు. ఇంట్లో ఆమెను లాంటీ అని పిలిచేవాడు. ఆ తరువాత కొద్ది కాలానికే బాల్టిమోరులో సీసా మూతలు చేసే ఒక కంపెనీలో చేరాడు. తరువాత క్రౌన్ కార్క్ అండ్ సీల్ అనే పేరుతో ప్రసిద్ధి కెక్కిన కంపెనీ ఇదే. కూల్‌డ్రింకు సీసాకు చుట్టూ పళ్ళున్న రేకు మూత ఉంటుంది చూడండి, మన పిల్లలు దాన్ని రాయితో సాపుగా కొట్టి, రెండు బెజ్జాలు పెట్టి, దారం గుచ్చి గిర్రున తిప్పుతారే, ఆ మూత కనిపెట్టినాయన విలియం పెయింటర్. 1892లో పేటెంటు తీసుకొన్నాడు. ఒకసారి తీసి పారేస్తే మళ్ళీ పనికి రాదు, మళ్ళీ కొనాలి. అందువల్లే ఆయన ధనవంతుడయ్యాడు. పెయింటరుకు ఈ సేల్స్‌మన్ అంటే అభిమానం. వాడి పారేసి మళ్ళీ కొనుక్కోవలసిన వస్తువు ఏదైనా ఆలోచించమని జిలెట్‌కు సలహా ఇచ్చాడు. ఆ సలహా జిలెట్ బుర్రలో జోరీగలా తిరగసాగింది. ఇంగ్లీషు అక్షరమాల ముందు పెట్టుకొని, ఒక్కొక్క అక్షరంతో మొదలయ్యే వస్తువులన్నీ వరుసగా తలచుకొనేవాడట. ఏమీ తట్టలేదు.

చిత్రమేమంటే ఈ సమయంలోనే, 1894లో, ఆయన ఒక పుస్తకం అచ్చు వేయించాడు. లోకంలోని దుర్మార్గానికంతకూ వ్యాపారుల పోటీయే మూలమనీ, సరుకులన్నీ ఒకే ఒక పెద్ద సంస్థ తయారు చేయాలనీ, కోట్ల జనం నయాగరా జలపాతం దగ్గర ఒకే మహానగరంలో కాపురముండాలనీ దాని సారాంశం. పగలు మూతలు అమ్ముతూ రాత్రి వ్యాపారమే వద్దని రాసే మనిషి! ఆ పిచ్చి ఆయన్ని చివరిదాకా వదలలేదు.

1895 వేసవి. అప్పుడు బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్‌లో కాపురం. ఒక ఉదయం గడ్డం గీసుకోబోతే కత్తి మొద్దుబారి ఉంది. తోలుపట్టీ మీద రుద్దితే పదునెక్కే స్థితి దాటిపోయింది, సాన పట్టేవాని దగ్గరకు పంపాలి. ఆ కాలంలో సేఫ్టీ రేజర్లు లేకపోలేదు, 1880 నాటికే వచ్చాయి. కాని వాటిలో ఉండేది కూడా మందమైన కత్తి ముక్కే, దాన్నీ సాన పట్టుకోవలసిందే. అద్దం ముందు నిలబడి ఉన్న జిలెట్‌కు అప్పుడు తోచింది. పని చేసేది అంచు ఒక్కటే కదా, వెనక అంత ఇనుము ఎందుకు? పలచని ఉక్కు రేకుకు రెండు అంచులా పదును పెట్టి, రెండు పలకల మధ్య బిగించి, మొద్దుబారితే పారేస్తే సరిపోతుంది గదా.

అదే రోజు బజారుకు వెళ్ళి ఇత్తడి ముక్కలు, ఆకురాళ్ళు, గడియారాల స్ప్రింగులకు వాడే ఉక్కు పట్టీ కొని తెచ్చి నమూనా ఒకటి చేశాడు. ఊళ్ళో లేని భార్యకు ఉత్తరం రాశాడు, మన దశ తిరిగిందని. దశ తిరగటానికి ఇంకా తొమ్మిదేళ్ళు ఉందని పాపం ఆయనకు తెలియదు.

చదువరులు ఈ తొమ్మిదేళ్ళను కాస్త నిదానంగా చూడవలెనని మా కోరిక. జీవిత చరిత్రలలో సాధారణంగా ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటించేస్తారు.

మొదటి ఆరేళ్ళూ ఉక్కుతోనే పోయాయి. పలచని రేకును పదునెక్కేటట్టు కాల్చి చల్లార్చితే వంకర పోతుంది. వంకర పోకుండా చేస్తే పదును నిలవదు. లోహాల సంగతి తెలిసినవారిని అడిగాడు, బోస్టన్‌లోని ఎం.ఐ.టి. అనే పేరున్న సాంకేతిక విద్యాసంస్థ వారినీ అడిగాడు. ఇది జరిగే పని కాదు, డబ్బు తగలేసుకోవద్దని అందరూ చెప్పారు. స్నేహితులకు అతని రేజరు ఒక హాస్య వస్తువు అయిపోయింది. తనకు ఇంజనీరు చదువు ఉండి ఉంటే ఆ పని ఎన్నడో మానేసి ఉండేవాడినని తరువాత ఆయనే ఒప్పుకొన్నాడు. ఒక్క విషయం మాత్రం గమనించాలి. ఈ ఆరేళ్ళూ ఆయన మూతల కంపెనీ ఉద్యోగం వదలలేదు. నెల జీతం ఇంటికి వస్తూనే ఉంది. ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసుకొని, మిగిలిన వేళల్లో ఉక్కుతో కుస్తీ పట్టాడు. ఉన్నది వదిలి దూకినవాళ్ళ కథలే మనకు ఎక్కువగా చెబుతారు గనుక ఇది ప్రత్యేకంగా రాస్తున్నాము.

1901లో విలియం నికర్సన్ అనే ఆయన దొరికాడు. ఎం.ఐ.టి.లోనే చదివి, యంత్రాలు తయారు చేయటంలో ఆరితేరిన మనిషి. మొదట ఇతనూ వెనకాడాడు. కొన్ని వారాలు ఆలోచించి, చివరకు సాధ్యమేనని చెప్పాడు. ఉక్కు రేకుకు కాక పెట్టే పద్ధతీ, పదును పెట్టే యంత్రమూ రెండూ ఇతని చలవే. జిలెట్ పేరు లోకమంతా తెలుసు, నికర్సన్ పేరు ఎవరికీ తెలియదు, ఇది అన్యాయమని మాకు అనిపిస్తుంది. పేరు విషయంలో ఒక తమాషా కూడా ఉంది. ఇంగ్లీషులో నిక్ అంటే గాటు. గడ్డం గీసే వస్తువుకు గాటు అనే అర్థం వచ్చే పేరు పెడితే కొనేవాడెవడు? అందుకని నికర్సన్ పేరు పెట్టే ఊసు లేకుండా పోయిందంటారు.

ఆ ఏడు సెప్టెంబరు 28న కంపెనీ రిజిస్టరు చేశారు. స్నేహితుల దగ్గర అయిదు వేల డాలర్లు పోగుచేసి మొదలుపెట్టారు. మరుసటి ఏడు దానికి జిలెట్ పేరు పెట్టారు. మకాం బోస్టన్ రేవు దగ్గర ఒక చేపల దుకాణం పైన గది. యంత్రాలు తయారు కాకముందే ఆ డబ్బు హరించుకుపోయింది. 1902లో అప్పు పన్నెండు వేల అయిదు వందల డాలర్లకు చేరింది, అమ్మటానికి ఒక్క రేజరు కూడా చేతిలో లేదు. కంపెనీ మూత పడవలసిందే. అప్పుడు జాన్ జాయిస్ అనే బోస్టన్ ధనికుడు డబ్బు పెట్టాడు. దయతో పెట్టలేదు. నెలనెలా కొంచెం కొంచెంగా ఇస్తూ, నచ్చకపోతే మధ్యలో ఆపే హక్కు ఉంచుకొని మరీ పెట్టాడు. ఏమైనా కంపెనీ బతికింది.

ఇక 1903. సరుకు బజారులోకి వచ్చింది. అమ్మకం పని షికాగోలోని ఒక ఏజెన్సీకి అప్పగించారు. అక్టోబరులో ఒక వ్యాపార పత్రికలో మొదటి ప్రకటన వేశారు. రేజరు ధర 5 డాలర్లు. ఆ రోజుల్లో మామూలు కార్మికుని వారం కూలిలో అది పెద్ద వంతు. అంత డబ్బు పోసి గడ్డం గీసుకొనే వస్తువు కొనమంటే ఎవరు కొంటారు? పారేసే బ్లేడు అనే మాటే ఎవరికీ తెలియదు. తాత కత్తి తండ్రికి, తండ్రి కత్తి కొడుక్కి వచ్చే కాలం అది.

సంవత్సరాంతానికి లెక్క చూశారు. అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. అంతే.

ఈ అంకె దగ్గర మేము కొంచెం సేపు ఆగాము. యాభై ఒక్క రేజర్లూ పూర్తి ధరకే పోయాయనుకొన్నా వచ్చేది 255 డాలర్లు. ఏజెంటు వాటా తీస్తే ఇంకా తక్కువ. ఎనిమిదేళ్ళ శ్రమ, అంతమంది డబ్బు, ఒక బెజ్జం బల్ల మీద పోసిన నీళ్ళలా కారిపోయిన తరువాత చేతికి వచ్చినది ఇది. ఐతే న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ కథ చెప్పేవారు ఏడాదంతా అమ్మినా 51 రేజర్లే పోయినట్టు చెబుతారు. మొదటి ప్రకటనే అక్టోబరులో వచ్చింది గనుక, ఇది ఎక్కువగా ఆఖరి కొద్ది నెలల లెక్క అని చూడటం మేలు. మన కుర్రవాడు కూడా నాలుగు నెలలు అంటున్నాడు గాని, అందులో మొదటి రెండు నెలలు ఆ వెబ్‌సైటు ఒకటుందని అతని అమ్మీకి తప్ప ఎవరికీ తెలియదు. కొట్టు తెరిచిన రోజు వేరు, కొట్టు ఉందని జనానికి తెలిసిన రోజు వేరు. లెక్క ఎక్కడినుంచి మొదలుపెడుతున్నామో ముందు చూసుకోవాలి గదా.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంకొకటి తగిలింది. కంపెనీ తనదే, పేరు తనదే, అధ్యక్షుడూ తానే, కాని తనకు జీతం ఇచ్చే స్తోమతు దానికి లేదు. సరిగా అప్పుడే మూతల కంపెనీ వారు లండన్‌లో పనిచేయమన్నారు. ఇల్లు గడవాలి. 1904 మొదట్లో జిలెట్ తన సొంత కంపెనీ అధ్యక్ష పదవి వదులుకొని, భార్యాబిడ్డలతో ఓడ ఎక్కి, సీసా మూతల ఉద్యోగానికి సముద్రం దాటి పోయాడు. నలభై తొమ్మిదేళ్ళ వయసు. తొమ్మిదేళ్ళు మోసిన బిడ్డను పరాయివాళ్ళ చేతిలో పెట్టి పోవడం ఎలా ఉంటుందో, వ్యాపారం చేసి చూసినవారికి వేరే చెప్పనక్కర లేదు.

ఆయన లండన్‌లో ఉండగానే ఇక్కడ మలుపు తిరిగింది. ప్రకటనలు ఆగకుండా వెళ్తున్నాయి. నికర్సన్ యంత్రాలు కుదురుకొన్నాయి. మొదట కొన్న యాభై మందీ ఊరుకోలేదు, పక్కవారికి చూపించారు. మంగలి దుకాణానికి వారానికి రెండు మూడుసార్లు పోయేవాళ్ళు ఆ ఖర్చు లెక్క కట్టుకొని 5 డాలర్లు పెద్ద మొత్తం కాదనుకొన్నారు. 1904 ముగిసేసరికి అమ్ముడైన రేజర్లు 90 వేలు దాటాయి. ఏడాది క్రితం యాభై ఒకటి, ఇప్పుడు తొంభై వేలు!

డైరెక్టర్లు విదేశాల హక్కులు ఇతరులకు ఇచ్చేయబోతున్నారని లండన్‌లో ఉన్న జిలెట్‌కు తెలిసింది. ఆదరాబాదరా బోస్టన్‌కు తిరిగివచ్చి అడ్డుకొన్నాడు. ఆ ఏడు నవంబరు 15న అమెరికా ప్రభుత్వం ఆయన రేజరుకు పేటెంటు మంజూరు చేసింది. మూతల ఉద్యోగం అప్పుడు వదిలాడు, అంతకు ముందు కాదు.

మన బజారులో ఒక మాట బాగా ప్రచారంలో ఉంది, జిలెట్ రేజరు ఉచితంగా పంచి బ్లేడ్ల మీద సంపాదించాడని. వ్యాపారం నేర్పే పుస్తకాల్లో కూడా రాస్తారు. ఇది నిజం కాదు. పేటెంటు గడువు ఉన్నంత కాలం రేజరును ఖరీదు వస్తువుగానే అమ్మారు. 1921లో ఆ గడువు తీరి, ఎవరుపడితే వారు అలాంటి రేజరు చేయగలిగే పరిస్థితి వచ్చిన తరువాతే పాత రకాన్ని డాలరు ధరకు దించారు. ఉచితంగా ఇస్తే జనం ఎగబడతారనే ఆశతో మొదటి రోజే సరుకు పారబోసే మన కుర్రకారు ఈ సంగతి తెలుసుకోవాలి.

తరువాతి జీవితాన్ని త్వరగా చెప్తాము. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సర్కారు తన సైనికుల కోసం 35 లక్షల రేజర్లు, 3 కోట్ల 60 లక్షల బ్లేడ్లు కొన్నది. యుద్ధం నుంచి ఇళ్ళకు వచ్చినవారు ఆ అలవాటు కూడా వెంట తెచ్చుకొన్నారు. కాని అప్పటికి కంపెనీ పగ్గాలు జిలెట్ చేతిలో లేవు. జాయిస్‌తో పొసగలేదు. 1910 ప్రాంతంలో తన వాటాలో చాలా భాగం అతనికే అమ్మేసి, పేరుకు మాత్రం అధ్యక్షుడుగా మిగిలాడు. అదే ఏడు పాత పిచ్చి మళ్ళీ లేచింది. ప్రపంచానికంతకూ ఒకే సంస్థ అనే తన పథకానికి అధ్యక్షుడుగా ఉండమని, అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టుకు పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. 1924లో అదే విషయం మీద మరో పుస్తకం రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. రేజరును అమ్మగలిగిన మనిషి తన ఆశయాన్ని మాత్రం చివరిదాకా అమ్మలేకపోయాడు. ఓపిక రెండింటి మీదా ఒకటే పెట్టాడు, నిజానికి ఆశయం మీదే ఎక్కువ ఏళ్ళు పెట్టాడు. ఓపిక ఒక్కటే చాలదనటానికి ఆయన జీవితంలోనే రుజువు ఉంది. కుర్రవానితో ఈ సంగతి దాచకుండా చెప్పాము. వస్తువు కావలసినవాళ్ళు ఉండాలి, నికర్సన్‌లాంటి పనివాడు దొరకాలి, జాయిస్‌లాంటి డబ్బున్నవాడు దొరకాలి, వేళ కలిసి రావాలి.

కాలిఫోర్నియాలో భూములు, భవనాలు కొని అక్కడ స్థిరపడ్డాడు. 1929లో అమెరికా షేర్ల బజారు కూలినప్పుడు ఆస్తిలో చాలా భాగం పోయింది. 1931లో ఆ పేరుకున్న అధ్యక్ష పదవి కూడా వదిలాడు. 1932 జూలై 9న, డెబ్బయి ఏడో ఏట, కన్నుమూశాడు. చాలా ఏళ్ళపాటు బ్లేడు చుట్టిన ప్రతి కాగితం మీదా మీసాల మనిషి బొమ్మ, కింద సంతకం ఉండేవి. ఆ బొమ్మ ఈయనదే. మన పెద్దలలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

ఈ వ్యాసం ప్రెస్సుకు ఇచ్చే ముందు కుర్రవానికి చదివి వినిపించాము. అంతా విని, యాభై ఒకటి అనే అంకె నిజమేనా చాచా అని రెండుసార్లు అడిగాడు. నిజమేనన్నాము. అబ్బాతో ఒప్పందం కుదుర్చుకొన్నాడు. పగలు దుకాణం, రాత్రి వెబ్‌సైటు, వచ్చే రంజాను దాకా చూడడం. నోటుబుక్కులో ఇప్పటికి అమ్మకాలు పదకొండు.